కాలవ పక్క బ్రేకు

మా ఇంట్లో ఏడాదికోసారి లారీకి ముస్తాబు జరిగేది. ఫిట్‌నెస్ అనేవారు మా ఆయన. బరువు బళ్ళు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయని సర్కారు ఏటా ఇచ్చే కాయితం అది. అది చేతికి రానిదే బండి కదలకూడదు. ఆ కాయితం కోసం ఆయన పడ్డ హడావుడి నా కాన్పుకి కూడా పడలేదు.

ఆటోనగర్ తీసుకెళ్ళి తొట్టికి రంగు వేయించేవారు. ముందు అద్దం పైన ఉన్న అక్షరాలు మళ్ళీ దిద్దించేవారు. కొత్త బల్బులు, కొత్త స్టిక్కర్లు, కొత్త వైపర్లు. వానలన్నాళ్ళూ అద్దాన్ని చేత్తో గుడ్డ పెట్టి తుడుచుకుంటూ తోలిన మనిషి, మండుటెండల్లో ఫిట్‌నెస్ కోసం వైపర్లు వేయించేవారు. నేను నవ్వితే కోపం. "నీకు తెలీదులే, ఇన్‌స్పెక్టరుగారు ముందు చూసేది అయ్యే" అనేవారు.

నేను భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆయన సొంత లారీ తోలేవారు. ఇద్దరూ ఒకింట్లో ఎలా ఇమిడారని జనం అడుగుతుంటారు. ఇమడలేదు, అలవాటు పడ్డాం.

ఆ ఫిట్‌నెస్ పరీక్ష ఒకసారి నేనూ చూశాను. సెలవురోజు కదా రమ్మంటే వెళ్ళాను. ఇన్‌స్పెక్టరుగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. రంగు చూశారు. హారన్ కొట్టమన్నారు. లైట్లు వేయమన్నారు. "కొంచెం ముందుకి తోలి ఆపవయ్యా" అన్నారు. మా ఆయన తోలి ఆపారు. అయిపోయింది. నాలుగు గజాలు తోలి ఆపితే ఏ బండైనా ఆగుతుంది, ఎద్దుబండి కూడా ఆగుతుంది. దీని కోసమా ఇంత రంగు పూశారు అని నేను దారి పొడుగునా ఏడిపిస్తూనే ఉన్నాను. ఆయనకి మాత్రం ఆ సాయంత్రం ఎవరెస్టు ఎక్కి దిగినంత సంబరం.

ఆ బండికి ఒక రహస్యం ఉంది. రహస్యమంటే పెద్దదేం కాదు. కాలవ గట్ల మీద చెరుకు తోలే డ్రైవర్లలో చాలామందికి తెలిసిందే, చాలామంది చేయించుకున్నదే. ఇన్‌స్పెక్టర్లకి మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు, వాళ్ళూ అడిగేవారు కాదు.

మా ఆయన పడుచుతనంలో వేరే వాళ్ళ లారీ మీద డ్రైవరుగా ఉండేవారు. ఉయ్యూరు చుట్టుపక్కల పొలాల నుంచి ఫ్యాక్టరీకి చెరుకు తోలేవారు. ఆ దారులు సగం కాలవ గట్లే. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క పొలాలు. ఫ్యాక్టరీ వైపు వెళ్ళేటప్పుడు బండి నిండుగా ఉంటుంది, కాలవ ఎడమచేతి పక్క ఉంటుంది. గట్టు కూడా ఆ పక్కకే కాస్త వాలి ఉంటుంది. ఒకరోజు ఆయన కళ్ళ ముందే, ముందు పోతున్న లారీ బ్రేకు కొట్టింది, ఎడమకి లాగింది, కాలవలోకి దిగిపోయింది. అందులో ఉన్నది ఆయన స్నేహితుడు. ఆ మనిషిని బయటికి తీసేసరికి ప్రాణం లేదు. ఈ సంగతి మా ఆయన నాకు పెళ్ళయిన చాన్నాళ్ళకి చెప్పారు, అదీ కాలవ పక్కన ఎందుకు నడవరని నేను పోరగా పోరగా.

తర్వాత సొంత లారీ కొన్నప్పుడు మొదట చేయించింది పూజ కాదు. తిన్నగా ఆటోనగర్‌లో తనకి తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన్ని అందరూ భాయ్ అనేవారు. పటమటలో ఉంటారు, వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ బ్రేకుల పనే. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు కాబట్టి మా ఆయన్ని బావా అనేవారు. రంజాన్‌కి మా ఇంటికి సేమ్యా వచ్చేది, మా ఇంటి నుంచి దీపావళికి వాళ్ళింటికి అరిసెలు వెళ్ళేవి. మా పుట్టింటివాళ్ళకంటే ఆయనే మాకు ఎక్కువ చుట్టం.

"ఎడమపక్క ముందు చక్రానికి బ్రేకు కొంచెం తక్కువ పట్టేటట్టు పెట్టు భాయ్" అన్నారట మా ఆయన.

దాని అర్థం లెక్కల టీచరుగా నాకు వెంటనే తెలిసింది. రెండు పక్కలా బ్రేకు సమానంగా పడితే బండి తిన్నగా ఆగుతుంది. ఎడమ తక్కువ పడితే ఆగేటప్పుడు బండి కుడికి లాగుతుంది. అంటే కాలవకి దూరంగా, రోడ్డు మధ్యకి. మొదటిసారి ఆ బండెక్కి ఉయ్యూరు వెళ్ళినప్పుడు చూశాను. బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఆయన ఎడమచెయ్యి స్టీరింగ్‌ని ఒక పిసరు కిందికి లాగేది. కుడికి పోయే బండిని తిన్నగా ఉంచడానికి. చూస్తున్నది రోడ్డు, మాట్లాడుతున్నది నాతో, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయేది.

"ఎదురొచ్చేవాడి గతేంటండీ? వాడి మీదకి పోదా బండి?" అన్నాను.

"ఎదురొచ్చేవాడు మనిషే. హారన్ కొడితే తప్పుకుంటాడు. కాలవ తప్పుకోదుగా" అన్నారు.

ఆ మాటకి నేను అప్పుడు నవ్వలేదు, ఇప్పుడూ నవ్వను. ఒక మనిషి భయాన్ని అంత బరువు బండికి బిగించి రోడ్డు మీద తిప్పడం నాకు ఏనాడూ నచ్చలేదు. చెప్పాను, చాలాసార్లు చెప్పాను. "తోలేది నేనా నువ్వా?" అనేవారు. ఆయన చేతికి బండి మరిగింది, బండికి ఆయన చెయ్యి మరిగింది. ఏళ్ళు గడిచాయి. ఎవరినీ గుద్దలేదు, ఎక్కడా పడలేదు. ఏటా ఫిట్‌నెస్ వచ్చేది.

అలా ఉండగా కొత్త రూలు వచ్చింది. ఇకనుంచి బరువు బళ్ళని మనుషులు కాదు, మిషన్లే చూస్తాయన్నారు. దేశమంతటికీ ఒకటే కొలత. ఊరి బయట పెద్ద షెడ్డు కట్టారు. లోపల నేలలో ఇనప రోలర్లు. బండి చక్రాల్ని వాటి మీద పెట్టి బ్రేకు నొక్కితే ఏ చక్రం ఎంత పట్టుకుందో తెర మీద కనిపిస్తుంది. ఎడమకీ కుడికీ తేడా హద్దు దాటితే బండి ఫెయిల్.

ఆ ఏడు మా ఆయన గుండెల్లో రాయి పడింది. బండి పాతది. అది పాస్ కాకపోతే తుక్కుకి వెయ్యడమో, అయినకాడికి అమ్ముకోవడమో. ఆ వయసులో ఇంకో బండి కొనే తాహతు లేదు. మళ్ళీ ఇంకొకరి లారీ మీద డ్రైవరుగా చేరాలి. సొంత బండి తోలినవాడు ఇంకొకరి బండి ఎక్కడం అంటే ఏమిటో ఆయన నాకు మాటల్లో చెప్పలేదు. రాత్రి అన్నం దగ్గర కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి, "ఈ ఒక్క ఏడు గడిస్తే చాలే" అన్నారు. ప్రతి ఏడూ ఆ ఒక్క ఏడే.

పరీక్షకి నన్ను కూడా తీసుకెళ్ళారు. కాయితాలు నేను చదివితే ఆయనకి ధైర్యం. షెడ్డు బయట రేకుల కింద ఓనర్లంతా కూర్చుని ఉన్నారు. ఒకాయన తన బండికి పొద్దున్నే రంగు వేయించుకొచ్చాడు, ఇంకా తడి కూడా ఆరలేదు. "రంగు చూడరంటండీ! అసలు బండి మొహమే చూడరంట!" అని అందరికీ చెప్పుకుని బాధపడుతున్నాడు. మా బండి కూడా మెరిసిపోతోంది. నిమ్మకాయలు కట్టారు, మందార పూలు పెట్టారు. రోలర్లకి మందారాలతో పనేముంది.

బండి ఫెయిలైంది.

కౌంటర్లో ఉన్న కుర్రాడు మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి, తెర మావైపు తిప్పి చూపించాడు. "ముందు చక్రాలండీ. కుడిపక్క బాగా పడతంది, ఎడమపక్క సరిగ్గా పట్టట్లేదు. తేడా ఎక్కువుంది. సరిచేయించుకుని మళ్ళీ తీసుకురండి, చూస్తాం."

మా ఆయన ముందుకి వంగారు. "అది చెడిపోయి కాదు బాబూ, కావాలనే పెట్టించింది. నేను కాలవ గట్టు మీద తోలతాను. నిండు బండి, ఎడమపక్క కాలవ..." అంటూ చెయ్యి వాల్చి గట్టు వాలు ఎలా ఉంటుందో బల్ల మీద చూపించడం మొదలుపెట్టారు.

కుర్రాడు చివరిదాకా విన్నాడు. "నిజమేనండీ. కానీ రూలు దేశమంతా ఒకటేగా. కాశ్మీర్లో కొండ మీద తోలినా, ఉయ్యూర్లో గట్టు మీద తోలినా మిషన్‌కి ఒకటే" అన్నాడు.

మా ఆయన నావైపు చూశారు. మొగుడి తరఫున మాట్లాడతానని అనుకున్నట్టున్నారు. నేను మిషన్ పక్షమే. ఇప్పటికీ అదే పక్షం. ఇన్నేళ్ళూ నేను చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన మాటని అది ఒక్క నిమిషంలో తెర మీద వేసి చూపించింది. నాకు ఆ రోజు సంతోషంగానే ఉంది. బయటికొచ్చాక, "విన్నారా?" అని కూడా అన్నాను.

తిన్నగా ఆటోనగర్ వెళ్ళాం. భాయ్ బండి కింద దూరారు. పనివాళ్ళు ఉన్నా మా బండి బ్రేకులు ఎప్పుడూ ఆయనే స్వయంగా చూసేవారు. రెండు చక్రాలకీ కొత్త బ్రేకు లైనర్లు వేశారు, రెండు పక్కలా ఒక్కలాగే బిగించారు. కిందనుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడు తోలి చూడు బావా" అన్నారు.

మా ఆయన షెడ్డు ముందున్న రోడ్డు మీద తోలి బ్రేకు కొట్టారు. బండి ఎడమకి తల తిప్పింది. బండి తిప్పలేదు, ఆయన చెయ్యి తిప్పింది. బండి కుడికి లాగడం మానేసింది, ఆయన చెయ్యి ఎడమకి లాగడం మానలేదు. ఇంకోసారి తోలారు. మళ్ళీ అంతే.

"ఏంది భాయ్, ఎడమకి పోతంది!"

"బండి పోవట్లా బావా, నువ్వే లాగుతున్నావు. చెయ్యి వదిలేసి నొక్కు, తిన్నగా ఆగుద్ది."

చెయ్యి వదిలి నొక్కారు. తిన్నగా ఆగింది. ఆయన మొహంలో సంతోషం లేదు.

రెండోసారి పరీక్షలో బండి పాసైంది. మా ఆయన స్వీట్లు కొన్నారు, కౌంటర్లో కుర్రాడికి కూడా ఇవ్వబోతే అతను చేతులు జోడించి వద్దన్నాడు. మళ్ళీ ఆటోనగర్ వెళ్ళి, భాయ్ చేతిలో స్వీట్ల పొట్లం పెట్టి, "ఇక మళ్ళీ పాతలాగే మార్చేయ్" అన్నారు. అందరూ చేసేది అదే. పరీక్షకి మంచి టైర్లు వేసుకెళ్ళేవాళ్ళూ, పరీక్ష కాగానే ఊడదీసి దాచుకునేవాళ్ళూ ఆ వీధిలో కొల్లలు. మా ఆయన ఏనాడూ ఆ టైర్ల పని చేయలేదు. ఈ ఒక్క బ్రేకు దగ్గరే ఆయనకీ అందరికీ తేడా లేకుండా పోయింది.

భాయ్ తలూపలేదు. "వద్దు బావా. అప్పుడంటే చూసేవాడు లేడు. ఇప్పుడు మిషన్ చెప్పింది, మనం విన్నాం. విన్నాక మళ్ళీ వంకర పెట్టి, రేపు నువ్వు ఎవర్నన్నా గుద్దితే నా చేత్తో నేనే గుద్దినట్టు. నాకూ పిల్లలున్నారు."

"అంటే ఇన్నేళ్ళూ నువ్వు వంకర పనే చేశావా?"

"చేశాను. నువ్వు అడిగావు, చేశాను. ఇక చెయ్యను."

మా ఆయన పొట్లం అక్కడే పెట్టేసి వచ్చేశారు. ఇంటికొచ్చాక, "నాలుగు రోజులు తోలితే చెయ్యి అదే అలవాటు పడుద్దంట. నీ అన్న చెప్పాడు" అన్నారు. ఎవరి మీద కోపమొచ్చినా వాళ్ళని నా చుట్టాల్లో కలిపేయడం ఆయన పద్ధతి.

చెరుకు సీజన్ మొదలైంది. ఆయన ప్రయత్నం చేశారు, ఆ మాట కాదనను. ఊళ్ళో రోడ్ల మీద తోలేటప్పుడు ఎడమచెయ్యి స్టీరింగ్ మీదనుంచి తీసేసి తొడ మీద పెట్టుకునేవారట. "ఇవాళ మర్చిపోలేదే" అని వచ్చి చెప్పేవారు, పిల్లలు హోంవర్కు చూపించినట్టు. నేను కూడా మెచ్చుకునేదాన్ని. ఆలోచించడానికి తీరిక ఉన్నప్పుడు ఎవరైనా మారతారు.

మంచు కురిసే కాలం. పొద్దున్నే గట్టు మీద నిండు బండితో ఫ్యాక్టరీ వైపు వెళ్తున్నారు. మంచులోంచి పాలక్యాన్ల సైకిలు ఒకటి ఎదురుగా ఊడిపడింది. ఆయన బ్రేకు కొట్టారు. ఆలోచించే తీరిక లేదు. చెయ్యి ఇన్నేళ్ళుగా చేసిన పనే చేసింది. బండి చెప్పినట్టు విన్నది. ఎడమకి వెళ్ళింది, గట్టు దిగింది, నెమ్మదిగా ఒరిగి కాలవలో పడుకుంది.

పాలవాడికి ఏమీ కాలేదు. అతనే అరిచి జనాన్ని పోగుచేశాడు. ముందు మా ఆయన్ని బయటికి లాగారు, దండం పెట్టి చెప్పాలి ఆ మాట. తర్వాత చెరుకుని లాగారు. తాళ్ళు తెగి గడలన్నీ నీళ్ళ మీద తేలిపోతుంటే, ఊరంతా కాలవలో దిగి మోపులు కట్టుకుపోయారట. ఒడ్డు మీద పడుకోబెట్టిన మనిషి తుంటి విరిగి మూలుగుతూ ఆ సంబడం అంతా చూశారు. నాకు ఫోన్ వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నాను. ఎలా వెళ్ళానో, ఏ బస్సు ఎక్కానో గుర్తులేదు. దార్లో ఒక్కటే అనుకున్నాను, ఆయన ఏ కాలవకి భయపడి ఇన్నేళ్ళు బండిని వంకరగా తోలారో, సరిచేయించాక ఆ కాలవలోనే పడ్డారు. దీనికి ఎవర్ని తిట్టాలి? ఎవరూ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ప్రమాదం జరిగితే బండిని మళ్ళీ ఒక ఇన్‌స్పెక్టరుగారు చూస్తారు. లోపం బండిదా, మనిషిదా అని తేల్చాలి. క్రేన్‌తో తీసి పోలీస్ స్టేషన్ పక్కన ఖాళీ స్థలంలో పెట్టిన లారీని ఆయన పరీక్షిస్తుంటే నేను వెళ్ళాను. ఆసుపత్రిలో మా ఆయన పక్కన మా ఆడపడుచుని కూర్చోబెట్టి వెళ్ళాను.

"బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. రెండు పక్కలా సమానం. ఈ మధ్యే చేయించినట్టున్నారు. బండిలో ఏ లోపమూ లేదు" అన్నారు ఆయన. మంచి కబురు చెబుతున్నట్టే చెప్పారు.

"మరి కాలవలోకి ఎందుకెళ్ళిందండీ?"

"డ్రైవరు ఎడమకి తిప్పాడు. గుర్తులు అలాగే ఉన్నాయి. ఎందుకు తిప్పాడో ఆయన్నే అడగాలి."

నాకు తెలుసు ఎందుకు తిప్పారో. చెబితే ఎక్కడ రాసుకుంటారు? ఇన్‌స్పెక్టరుగారి చేతిలో కాయితం మీద స్టీరింగ్‌కి గడి ఉంది, బ్రేకుకి గడి ఉంది, టైర్లకి ఉంది. చేతికి లేదు.

అయినా చెబుదామనే ఆసుపత్రికి వెళ్ళి మా ఆయనతో అన్నాను. "నిర్లక్ష్యం అని రాస్తారంటండీ. లైసెన్సు తీసేస్తారంట. జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం."

"చెప్పమాక" అన్నారు.

"ఎందుకని?"

"ఏమని చెబుతావు? ఇన్నేళ్ళూ వంకర బ్రేకుతో తోలానని చెప్పాలి. ఎవరు పెట్టారంటారు. భాయ్‌ని పిలుస్తారు. ఆడు సరిగ్గా చేసినందుకు నేను పడ్డాను, వంకరగా చేసినందుకు ఆడు పడాలా?" దుప్పటి పైకి లాక్కుని, "నాకేగా పోయేది, పోనీ" అన్నారు.

సరిగ్గా అప్పుడే భాయ్ వచ్చారు. చేతిలో పళ్ళు. మంచం పక్కన నిలబడి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి మెల్లగా, "బావా, సమానంగానే పెట్టాను బావా. కావాలంటే చూడమను" అన్నారు.

"సమానంగానే పెట్టావు. ఎవడు కాదన్నాడు?" అన్నారు మా ఆయన.

ఆ మాటలో నిందేమీ లేదు. కానీ భాయ్ ఆ తర్వాత మా ఇంటికి రావడం తగ్గించేశారు. పండగకి సేమ్యా వస్తూనే ఉంది, ఎవరో తెచ్చి ఇచ్చిపోతారు. నేనూ అరిసెలు అలాగే పంపిస్తున్నాను. తప్పు చేసినవాళ్ళు మళ్ళీ కలుస్తారు. తప్పే లేని చోట క్షమించేది ఎవరు, క్షమించమని అడిగేది ఎవరు?

లైసెన్సు సస్పెండ్ అయింది. అది తిరిగి ఇచ్చినా లాభం లేదు. తుంటిలో ఇనప కడ్డీ వేశారు, కర్ర లేకుండా నడవలేరు, క్లచ్ తొక్కే మాట దేవుడెరుగు. లారీకి మాత్రం పెద్దగా ఏమీ కాలేదు. క్యాబిన్ సరిచేయించి, తొట్టి సరిచేయించి, మళ్ళీ ఆ షెడ్డుకి తీసుకెళ్తే మొదటిసారే పాసైంది. రంగు కూడా వేయించలేదు. మనిషి ఇంట్లో, బండి రోడ్డు మీద. ఇల్లు గడవాలి కాబట్టి ఉయ్యూరు వైపు నుంచి ఒక డ్రైవర్ని పెట్టుకున్నాం. ముప్ఫైలలో ఉంటాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు, తాగడు, మంచివాడు. ఇవేవీ అతని మీద నా మంట తగ్గించలేదు.

వారానికోసారి అతను మా ఇంటికొచ్చి బండి సంగతులు చెప్పిపోతాడు. మొన్న ఆదివారం వచ్చాడు. వరండాలో మా ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. నేను టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"బండి బంగారమండీ బాబాయిగారూ" అన్నాడు. "గట్టు మీద నిండు లోడుతో ఎంత గట్టిగా నొక్కినా గీత గీసినట్టు ఆగుద్ది. ఇటు పోదు, అటు పోదు. ఆ భాయ్ దగ్గరే చేయిస్తన్నానండీ, మీరు చెప్పినట్టే. మంచి పనోడు."

"మంచి పనోడే" అన్నారు మా ఆయన.

అతను టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, చాన్నాళ్ళుగా మనసులో ఉన్నది అడిగినట్టు, "ఏమనుకోకండీ, ఒకటి అడుగుతాను. ఇంత మంచి బండి, ఇంత మంచి బ్రేకులు. మీరేమో నేను పుట్టకముందు నుంచీ ఆ గట్టు మీద తోలినోరు. ఎట్టా పడిందండీ కాలవలో?" అన్నాడు.

చెబుతారేమో అనుకున్నాను. ఈ ఒక్కడికైనా చెప్పాలని నాకుంది. వీడూ డ్రైవరే, వీడికి చెయ్యంటే ఏమిటో తెలుసు. కోర్టు లేదు, కాయితం లేదు, ఎవరూ రాసుకోరు. కానీ ఆ భాయ్ దగ్గరే వీడు బండి పెడతాడు, రేపు ఆటోనగర్ అంతా చెప్పుకుంటుంది.

మా ఆయన కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "నిద్ర పట్టిందయ్యా" అన్నారు.

ఇన్నేళ్ళలో స్టీరింగ్ ముందు ఒక్కసారి కూడా రెప్ప వాల్చని మనిషి. తోవలో నిద్రపోయిన డ్రైవర్ల గురించి చెప్పేటప్పుడు వాళ్ళ పేరు కూడా ఎత్తకుండా ఉమ్మేసే మనిషి.

కుర్రవాడు జాలిగా నాలుక చప్పరించాడు. "అయ్యో. నిద్రొచ్చినప్పుడు పక్కన ఆపేసుకుని పడుకోవాలండీ బాబాయిగారూ" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా. "మన ప్రాణం కంటే ట్రిప్పు ఎక్కువా చెప్పండి?"

"అవునయ్యా" అన్నారు మా ఆయన. "ఆపుకోవాల్సింది."

నేను గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అతను వెళ్ళొస్తానని రెండుసార్లు కేకేశాడు. నేను బయటికి రాలేదు.